‘తీరం దాటింది’ అంటే విశాఖలో ఏమని వినపడుతుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను. మీరు ఇక్కడే విశాఖలో జర్నలిజం చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం నాలుగైదు వార్డులు తిరిగి ‘వాతావరణ మార్పు’ గురించి మాట్లాడబోతే ఎవరికీ పట్టలేదు. తెలుగులో దీనికి సరైన మాటలు లేకపోవడమే కారణమా, కొత్త మాటలు పుట్టించాలా అని అడిగారు.

మాటలకు కరువేమీ లేదండీ. ఇంగ్లిష్ వచ్చినవాళ్లు మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పుకుంటే తప్ప అర్థంకాని మాటల్ని జనం మీదకు వదిలాం. జనం నోట్లో ఉన్న పదునైన మాటల్నేమో ‘ఇది సైన్సు మాట కాదులే’ అని లోపలి పేజీలకు తోసేశాం. తోసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఒక తెలుగు దినపత్రిక విశాఖ డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. తుపాను వార్తలు, ఎండల వార్తలు చాలావరకు నా బల్ల మీదుగానే వెళ్లాయి. కాబట్టి కింద చెప్పే తప్పుల్లో సగం నావే అనుకుని చదవండి.

ముందు ‘వాతావరణం’ సంగతి. వెదర్, క్లైమేట్, అట్మాస్ఫియర్ మూడింటికీ మనం వాడేది ఈ ఒక్క మాటే. పండగ వాతావరణం, అసెంబ్లీలో వేడెక్కిన వాతావరణం కూడా ఇదే. ‘వాతావరణం మారింది, పిల్లాడికి జలుబు చేసింది’ అని నెలకోసారి అనుకునే ఇంటికి వెళ్లి ‘వాతావరణ మార్పు వల్ల ప్రమాదం’ అని చెప్తే, ఆవిడ ‘అవునండీ, మా ఇంట్లో అందరికీ దగ్గులే’ అంటుంది. ఆవిడ సరిగ్గానే విన్నది. స్కూలు పుస్తకాల్లో ‘శీతోష్ణస్థితి’ అని వేరే మాట ఉండేది. అర్థానికి అది చక్కగా సరిపోతుంది కానీ, పరీక్ష హాలు గుమ్మం దాటి బయటికి రాలేదు.

అయితే మనవాళ్లకు క్లైమేట్ అనే ఊహే లేదా? బ్రహ్మాండంగా ఉంది. ‘కాలం’ అంటారు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం. ‘కాలం కాని కాలంలో వాన’, ‘కాలాలు గతి తప్పాయి’ అనే మాటలు మీ అమ్మమ్మ దగ్గర కూడా వినే ఉంటారు. దానికి కార్తెలు తోడు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటీ ఇంచుమించు రెండు వారాలు. ఏ కార్తెలో ఎండ ఎలా ఉండాలో, వాన ఎంత పడాలో ఒక అంచనా. వాతావరణ శాఖ ముప్పై ఏళ్ల లెక్కలు తీసి ‘సాధారణం’ అని చెప్పేది ఏమిటో, రైతు కార్తె పేరుతో చెప్పేదీ దాదాపు అదే. కాబట్టి అనకాపల్లి రైతుతో మాట్లాడేటప్పుడు ‘వాతావరణ మార్పు’ అని మొదలుపెట్టక్కర్లేదు. ‘కార్తెలు ఇదివరకటిలా నడుస్తున్నాయా?’ అని అడగండి, గంటసేపు చెప్తాడు.

దీంట్లోనూ ఒక గొయ్యి ఉంది. ‘రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయి’ అని సామెత ఉండటంతో, ఎంత ఎండ కాసినా ‘ప్రతి ఏడూ ఉండేదే కదా’ అనేస్తారు. రోహిణి వచ్చేది మే ఆఖరు వారంలో. 1901 నుంచి ఉన్న లెక్కల్లో, పగటి ఉష్ణోగ్రతల సగటు చూస్తే మన దేశానికి అత్యంత వేడి మార్చి నెల 2022లో వచ్చింది. మార్చి అంటే పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర కార్తెలు. ఆ ఏడు నేను ‘భానుడి భగభగలు’ అని పాత శీర్షికే మళ్లీ పెట్టాను. ‘ఉత్తరాభాద్రలోనే రోహిణి ఎండలు’ అని పెట్టి ఉంటే చదివినవాళ్లు ఒక్క క్షణం ఆగేవాళ్లు. అప్పుడు తట్టలేదు.

అనువాదపు మాటల గురించి ఎక్కువ చెప్పను, మీరే నవ్వుకుంటారు. ‘హరితగృహ వాయువులు’ తీసుకోండి, అంటే భూమి వేడిని బయటికి పోనివ్వని గ్రీన్‌హౌస్ గ్యాసులు. మనకు హరితం అంటే మంచిది. హరిత విప్లవం, హరితహారం, టూరిజం వాళ్ల హోటళ్ల పేరూ హరితే. ఇక హరితగృహ వాయువు చెడ్డదని ఎవరికి తోస్తుంది? ‘కర్బన పాదముద్ర’ (మన పనుల వల్ల గాలిలో చేరే ఆ వాయువుల లెక్క) వింటే గుళ్లో శ్రీపాదాలు గుర్తొస్తాయి. ‘ఉపశమన చర్యలు’ అని చదివి, తుపాను బాధితులకు బియ్యం, పప్పు ఇస్తారేమో అనుకున్నవాళ్లు మా డెస్కులోనే ఉన్నారు. అక్కడ అసలు ఉద్దేశం ఆ వాయువుల్ని వదలడం తగ్గించడం. పాత సైన్సు పుస్తకాల్లో కార్బన్ డయాక్సైడ్‌ని ‘బొగ్గుపులుసు వాయువు’ అనేవాళ్లు. నాకు ఆ మాట పోయినందుకు నిజంగా బాధ. ఎక్కణ్నుంచి వస్తుందో పేరులోనే ఉంది. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో 2,000 మెగావాట్ల కరెంటు బొగ్గు మీదే తయారవుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లో బొగ్గుపులుసు వాయువు అంటే సగం పాఠం చెప్పేసినట్టే.

ఒక జాగ్రత్త. విశాఖలో ‘గ్యాస్’ మాట తేలిగ్గా వాడకండి. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి లీకై జనం చనిపోయిన తర్వాత ఈ ఊళ్లో ఆ మాటకు వేరే అర్థం వచ్చింది. అటువైపు ఒక మీటింగులో ఎవరో ‘గ్రీన్‌హౌస్ గ్యాసులు మన గాలిలో పెరుగుతున్నాయి’ అనగానే ముందు వరుసలో ఉన్న పెద్దావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అలాగే ‘కాలుష్యం వల్ల భూమి వేడెక్కుతోంది’ అని కూడా అనకండి. మన ఊళ్లో పొల్యూషన్ అంటే బాల్కనీలో వేలు పెట్టి గీస్తే నల్లగా అంటుకునే దుమ్ము. రోడ్డు మీద నీళ్లు చల్లితే తగ్గే సమస్య అది. రంగూ వాసనా లేని బొగ్గుపులుసు వాయువుకు ఆ మందు పనిచేయదు.

హరితగృహం అంటే మొక్కలు పెంచే గాజు ఇల్లు. మరి వేడి ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఆ గాజు ఇంటి పోలిక లేకపోతే ఏం చెప్పాలి? లంబసింగి చెప్పండి. డిసెంబరులో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి అక్కడ గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు. నేల వదిలిన వేడి పైకి పోకుండా మబ్బు దుప్పటిలా కప్పుతుంది. విశాఖలో మబ్బు పట్టిన రాత్రి ఉక్క ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. బొగ్గుపులుసు వాయువు కూడా అలాంటి దుప్పటే, కాకపోతే కంటికి కనపడదు, తెల్లారితే తొలగిపోదు. ఇంత చెప్తే చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. ముందురోజు నుంచీ టీవీలో, రేడియోలో, మా పేపర్లో ఒకటే మాట: ‘మధ్యాహ్నానికి విశాఖ సమీపంలో తీరం దాటుతుంది.’ నేను అప్పుడు ఎంవీపీ కాలనీలో ఉండేవాణ్ని. పొద్దుట్నుంచి గాలి ఊళ పెడుతూనే ఉంది. మధ్యాహ్నం వేళ ఉన్నట్టుండి తగ్గింది. చెట్టు ఆకు కదలనట్టు అయింది. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గేటు తీసుకుని బయటికి వెళ్లాడు, వీధి చివర పెట్టిన తోపుడుబండి ఉందో పోయిందో చూద్దామని. ఎదుటింటివాళ్లు పిల్లల్ని కూడా బయటికి తెచ్చారు. ఎవర్నడిగినా ‘దాటేసిందండీ’ అన్నారు. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి ఎదురుదిక్కు నుంచి. పొద్దున్నంతా ఒకవైపు ఒరిగిన చెట్లు రెండోవైపు దెబ్బకు వేళ్లతో సహా లేచాయి. కాంపౌండు గోడ అవతలి వేపచెట్టు సరిగ్గా గేటు మీద పడింది. వాచ్‌మన్ అప్పటికే పాల బూత్ అరుగు కిందకు దూరాడు కాబట్టి బతికాడు. అతని భార్య మెట్ల మీద నిలబడి నన్ను అడిగింది: ‘ఏటి బాబూ, దాటిపోద్దన్నారు కదా, మల్లీ వచ్చిందేటి?’

ఆవిడకు నేనేం సమాధానం చెప్పాలి? తెలుగులో ‘దాటింది’ అంటే అయిపోయింది. గండం దాటింది, ఏరు దాటాం, పొలిమేర దాటారు. వాతావరణ కేంద్రం వాళ్ల భాషలో ‘తీరం దాటడం’ అంటే తుపాను నడిబొడ్డు సముద్రం మీంచి నేల మీదకు రావడం. అంటే అప్పటికి సగమే అయింది. మధ్యలో ఆ ప్రశాంతత తుపాను కన్ను. కన్ను వెళ్లాక వెనక సగం వస్తుంది, గాలి తిరగబడుతుంది. ఇంగ్లిష్‌లో దీనికి నేలను తాకడం అనే అర్థంలోనూ మాట ఉంది, దాటడం అనే అర్థంలోనూ ఉంది. మనం రెండోదాన్ని పట్టుకుని శీర్షికలకు సరిపడా కురచగా ఉందని అదే స్థిరం చేశాం. ‘తుపాను నడిబొడ్డు మధ్యాహ్నం ఊరి మీదకు వస్తుంది. గాలి ఆగితే బయటికి రావద్దు, మళ్లీ ఎదురు నుంచి కొడుతుంది’ అని రాయడానికి ఇంకో లైను పట్టేది, అంతే.

‘ఉప్పెన’కు చేసింది ఇంకా అన్యాయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన, వేలమంది పోయారు. ఆ తుపానుకు పేరు కూడా లేదు. మన సముద్రంలో తుపాన్లకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. నేటికీ కోస్తాలో ‘ఉప్పెన’ అంటే డెబ్బై ఏళ్ల మనిషి ముఖం మారుతుంది. 2013లో ఫిలిప్పీన్స్‌లో హైయాన్ తుపాను వచ్చినప్పుడు సముద్రం పొంగుతుందని ఇంగ్లిష్ శాస్త్రపదంతో హెచ్చరించారు, జనానికి అది ఎక్కలేదు. సునామీ అని చెప్పుంటే పారిపోయేవాళ్లమని తర్వాత చాలామంది అన్నారు. మనకు ఆ ఇబ్బంది లేదు, ఇంటి మాట సిద్ధంగా ఉంది. అయినా ఏం రాస్తాం? ‘తీరం వెంబడి మీటరు ఎత్తున అలలు ఎగిసిపడే అవకాశం ఉంది.’ మీటరు అల అంటే జాలారిపేట కుర్రాడు నవ్వుతాడు, రోజూ చూసేదే. బులెటిన్‌లో ఉన్నది అల కాదు, మామూలు పోటు మట్టం మీద సముద్రమే మొత్తంగా మీటరు పైకి లేవడం. అలలు దాని మీద వేరే. హుద్‌హుద్‌కు విశాఖలో అలా లేచింది 1.4 మీటర్లు. ఇక ‘అవకాశం ఉంది’ అనే తోక. ఉద్యోగానికి అవకాశం, సినిమాలో అవకాశం. మునిగిపోవడానికి ‘ముప్పు’ అనే మాట మనకు ఉండగా అవకాశం ఎందుకో!

సముద్రమట్టం పెరుగుదల గురించి చెప్పేటప్పుడు కూడా ఉప్పెనతోనే ముడిపెట్టండి. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటున పెరిగింది 20 సెంటీమీటర్లు. జానెడుకు కాస్త తక్కువ. ‘జానెడేనా’ అంటారు. ఉప్పెన వచ్చినప్పుడు ఆ జానెడు మెట్టు ఎక్కి నిలబడి లేస్తుంది, గుమ్మం దగ్గర ఆగాల్సిన నీళ్లు మంచం దాకా వస్తాయి అని చెప్పి చూడండి.

తుపాను మెట్ల వరుస గురించి మీరు ఎలాగూ రాస్తారు కాబట్టి ఒక మాట. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను… ఈ మెట్లన్నీ గాలి వేగానివి. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, 62 తాకితే తుపాను. వానకూ ఈ మెట్లకూ నేరుగా సంబంధం లేదు. జనం మాత్రం ‘వాయుగుండమే కదా, తుపాను కాలేదుగా’ అని ఊపిరి పీల్చుకుంటారు. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర ఒడ్డుకొచ్చింది వాయుగుండమే, దానికి పేరు కూడా లేదు. దాని వానలకు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. అంటే ముందుముందు పేరులేని వాయుగుండాల వానే ఎక్కువ భయపెట్టొచ్చు. మన మాటల మెట్లు ఆ భయాన్ని చూపించవు. ‘భారీ నుంచి అతి భారీ’ అనేదీ అంతే, టీవీవాళ్ల అతిశయోక్తి అనుకుంటారు. దానికి కొలత ఉంది: 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ.

తుపాను వేళ పోర్టుల్లో ఎగరేసే హెచ్చరిక నంబర్ల కథ ఇంకా వింత. ‘ఐదో నంబరు ప్రమాద హెచ్చరికను ఆరుకు పెంచారు’ అని నేనే ఎన్నిసార్లు రాశానో. పెంచడం కాదది. 5, 6, 7 ప్రమాదంలో సమానం. తుపాను పోయే దారికి రేవు ఎడమవైపు ఉంటుందనుకుంటే 5, కుడివైపయితే 6, రేవు మీదికో పక్కకో వస్తుందనుకుంటే 7. తీవ్రత పెరిగితే అదే వరుసలో 8, 9, 10. పదకొండో నంబరుకు అర్థం ఇంకా పెద్ద తుపాను అని కాదు, హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఓడ కెప్టెన్ కోసం పెట్టిన గుర్తుల్ని మనం జ్వరం డిగ్రీల్లా చదివి వినిపిస్తున్నాం.

ఎండల దగ్గరికి వస్తే విశాఖకు కావలసిన మాట ‘ఉక్క’. పేపర్లో పెద్ద అక్షరాలు ‘వడగాడ్పు’కే దక్కుతాయి. తీరప్రాంతంలో వడగాడ్పు ప్రకటించాలంటే 37 డిగ్రీలు చేరాలి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువా ఉండాలి. మనకు సముద్రపు గాలి పుణ్యమా అని చాలా రోజులు పాదరసం 35 దగ్గరే ఆగుతుంది. దానికి 60 శాతం తేమ కలిస్తే, అమెరికా వాతావరణ సంస్థ పట్టిక ప్రకారం ఒంటికి 45లా ఉంటుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. రేకుల షెడ్డులో వంట చేసే మనిషికి రాత్రి పదింటికి కళ్లు తిరిగితే ఇంట్లోవాళ్లు ‘ఎండలోకి పోలేదు కదా, వడదెబ్బ ఎలా అవుద్ది’ అంటారు. ‘దెబ్బ’ అనే మాటే బయట ఎండలో తగిలేదన్నట్టు ఉంటుంది మరి. ‘ఉక్కపోతతో జనం విలవిల’ అని మేం ఫొటో వార్తగా వేసి వదిలేసేవాళ్లం, చెరకురసం బండి ఫొటోతో. ‘ఉక్క ప్రాణం తీస్తుంది’ అని ఒక్కసారైనా పెట్టలేదు.

చివరిగా, ‘సముద్రం ముందుకొచ్చింది’. ఆర్కే బీచ్ ఇసుక కోసుకుపోయిన ప్రతిసారీ ఇదే వాక్యం. ఇప్పుడు దానికి ‘వాతావరణ మార్పు ప్రభావం’ అని తగిలిస్తున్నారు. మీరు ఇక్కడ తొందరపడకండి. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం కట్టిన అడ్డుగోడలు దాన్ని ఆపాయి. అందుకే పోర్టువాళ్లు అడుగున పేరిన ఇసుకను తవ్వి బీచ్‌లోకి పంపులతో పోయిస్తుంటారు. మట్టం పెరగడం, తుపాన్లు దీని మీద అదనపు దెబ్బ. పెద జాలారిపేటలో ఒక ముసలాయన నాతో అన్న మాట ఏ నిపుణుడి దగ్గరా వినలేదు: ‘సముద్రం ఎక్కడికీ రాలేదు బాబూ. ఇసకే రావటం మానేసింది.’ చూడండి, ఆయన వాక్యంలో కర్త మారిపోయాడు. ఇసుక ఎందుకు మానేసింది అని అడగాలనిపిస్తుంది. మన వాక్యం విన్నాక సముద్రాన్ని తిట్టడం తప్ప చేసేదేమీ ఉండదు. ‘భానుడి ప్రతాపం’, ‘వరుణుడి ఆగ్రహం’, ‘ప్రకృతి ప్రకోపం’ ఈ కోవలోవే. జాలరి ‘గంగమ్మకు కోపమొచ్చింది’ అంటే నాకు అభ్యంతరం లేదు, ఆయనకు ఆమెతో చుట్టరికం ఉంది. డెస్కులో ఏసీ కింద కూర్చుని సూర్యుడి మీద కేసు పెట్టిన మా అలంకారాలతోనే నా పేచీ.

మీ ప్రాజెక్టుకు ఒక పద్ధతి చెప్తాను. పాత తుపాను బులెటిన్ ఒకటి తీసుకుని, పేపర్లో వచ్చినట్టే పదిమందికి చదివి వినిపించండి. ‘అర్థమైందా’ అని అడక్కండి, అందరూ అయిందనే అంటారు, మర్యాదకి. ‘ఇది విని మీరు ఇప్పుడు ఏం చేస్తారు?’ అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తర్వాత అదే బులెటిన్‌ని వాళ్ల మాటల్లో తిరగరాసి ఇంకో పదిమందికి వినిపించండి. ఫిషింగ్ హార్బర్‌కు ఏప్రిల్ 15, జూన్ 14 మధ్య వెళ్తే మంచిది. వేట నిషేధం కాబట్టి వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే ఉంటారు. పొద్దున్నే వెళ్లండి, పది దాటితే అక్కడ ఉక్కకు మీరే కూర్చోలేరు.